టమాటాలు ఎండబెట్టిన తెల్లపంచె

ఆరో తరగతిలో బడికీ నాకూ చెడింది. బడి కదిలేది కాదు కాబట్టి నేనే బయటికి వచ్చేశాను. ప్రొద్దుటూరులో మా నాయన బట్టల అంగళ్ల దగ్గర మూటలు మోసేవాడు, మా అమ్మ నాలుగిళ్లలో అంట్లు తోమేది. బడి మానేశాక నా పని తమ్ముణ్ణి చంకనేసుకొని బంగారం అంగళ్ల వీధిలో తిరగడం. అంగడి అద్దంలో నా మెడ కనపడేది, అద్దం వెనక గొలుసు కనపడేది. కాస్త వంగి నిలబడితే గొలుసు సరిగ్గా నా మెడలోకి వచ్చేది. అట్లా రోజుకు పది నగలు పెట్టుకొని, పైసా ఖర్చు లేకుండా ఇంటికి వచ్చేదాన్ని. పొదుపంటే నాకే తెలుసనుకునేదాన్ని.

పెండ్లయి అత్తగారింటికి పోయాక తెలిసింది, ఆ చదువు కూడా నేను మధ్యలోనే మానేశానని.

వాళ్ల ఊరికి పోవాలంటే ముద్దనూరు నుంచి పులివెందుల పోయే రోడ్డు మీద బస్సు దిగి మైలు దూరం లోపలికి నడవాలి. మట్టి మిద్దె, రెండెకరాల మెట్ట, గొర్రెల మంద. ఇంట్లో అత్త, మా ఆయన, ముప్పై గొర్రెలు. నేను పోయాక ముప్పై ఒకటి అయ్యాయని మా ఆయన అన్నాడు. తక్కువ మాట్లాడే మనిషి. పెండ్లయిన కొత్తలో వేసిన ఆ ఒక్క జోకునే ఇన్నేళ్లుగా జాగ్రత్తగా వాడుకుంటున్నాడు. అదీ ఒక పొదుపే.

మొదటి రోజు పొద్దున పొయ్యి వెలిగిద్దామని అగ్గిపుల్ల గీశాను. ఇల్లంటుకున్నట్టు అత్త పరిగెత్తుకొచ్చింది.

"ఏందమ్మే అది?"

"అగ్గిపుల్ల అత్తా."

"అగ్గిపుల్లని నాకూ తెలుసు. గోడవతల పొయ్యి మండుతాంటే ఈడ నువ్వెందుకు గీసినావని అడుగుతాండా."

ఆ ఊరి పద్ధతి అది. పొద్దున ఎవరో ఒకరింట్లో ఒక్క పుల్ల గీస్తారు. తక్కినవాళ్లు పిడక ముక్క పట్టుకొని పోయి నిప్పు తెచ్చుకుంటారు. వాళ్ల దగ్గర పక్కింటివాళ్లు, వాళ్ల దగ్గర ఆ పక్కవాళ్లు. ఒక్క పుల్లతో వీధంతా సంగటి ఉడికేది.

"మరి ఆ మొదటి పుల్ల ఎవురు గీస్తారత్తా?"

"పొద్దున్నే లేసి కాచుకోలేని మనిషి గీస్తాది. రేపట్నుంచి నువ్వు రెండోదానివిగా లెయ్."

అత్త చేతిలో పడిన వస్తువుకు ఒక్క జన్మతో విముక్తి లేదు. చీర చిరిగితే లంగా, లంగా చిరిగితే దిండు గలీబు, గలీబు చిరిగితే బొంతలో ఒక పొర, బొంత చిరిగితే కడవ కింద చుట్టకుదురు, ఆఖరికి మసిగుడ్డ. సబ్బు ఆకంత పలచనయితే దాన్ని కొత్త సబ్బు వీపుకు అతికించేది. ఆ ఇంట్లో సబ్బు అయిపోవడం నేను చూడలేదు, వంశం మాదిరి సాగుతూనే ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు గొర్రెలకు, గంజి చీరలకు, చెనిక్కాయల పొట్టు నీళ్లు కాచేదానికి. కిరసనాయిలు కాలకుండా వెలుతురుండగానే తిని లేచేవాళ్లం. కూరగాయలు అగ్గువగా దొరికినప్పుడు కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, ఎండబెట్టి ఒరుగులు చేసేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి మూలకుండలో వేసేది. ఆ పిడికెడు ఇంట్లో ఎవరికీ తెలియకూడదట. ఉన్నది ముగ్గురం. అందరికీ తెలుసు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఏమత్తా, ఇంత కూడబెట్టి పోయేటప్పుడు మూటగట్టుకొని పోతావా?"

చేటలో రాళ్లు ఏరుతున్న చెయ్యి ఆగింది.

"నేను పోయేదానికి కాదుమ్మే. వాడు పోకుండా ఉండేదానికి."

అప్పుడు చెప్పింది. మా ఆయనకు ఆరేళ్లప్పుడు ఒక కరువొచ్చిందట. ఇంట్లో గింజ లేదు. పార్టీ పెద్దాయన నెలకొక మూట బియ్యం ఇస్తానన్నాడు. మా మామ చేయాల్సిందల్లా ఆయన జీపులో ఎక్కి ఆయన పక్కన తిరగడం. మామ ఎక్కాడు. రెండు నెలలు మూట వచ్చింది. మూడో నెల జీపు తిరిగొచ్చింది, మామ రాలేదు. ఆ తర్వాత నాలుగు మూటలు వచ్చి, అవీ ఆగిపోయాయి.

"ఆ రెండు మూటలు ఇంట్లో ఉండుంటే ఆయప్ప జీపెక్కేటోడు కాదు. అంతే గదా. రెండు మూటలు," అని అత్త మళ్లీ చేటలోకి వంగింది.

ఆ రోజు నుంచి నేను అగ్గిపుల్ల గీయలేదు. ఎగతాళి మాత్రం మానలేదు, అది చేత కాలేదు. కానీ అత్త పొదుపంతా దేనికో తెలిసిపోయింది. కొడుకు జీపెక్కకూడదు. సబ్బుముక్క, పిడికెడు బియ్యం, నిప్పుకణిక, అన్నీ ఆ జీపుకు అడ్డం పెట్టిన రాళ్లు.

మా ఊళ్లో ఇద్దరు పెద్దాయనలు. ఎన్నికలొస్తే జెండాలు మారేవి, ఈయన ఆ పార్టీలోకి, ఆయన ఈ పార్టీలోకి పోయేవాళ్లు. మారనిది ఒక్కటే, ఒకాయన ఉన్నచోట ఇంకొకాయన ఉండడు. మాది ఒక పెద్దాయన వైపు. ఎందుకంటే మామ కాలం నుంచి అంతే, ఎవరూ అడగరు. గోడవతలి ఇల్లు రెండో ఆయన వైపు. ఆ ఇంట్లో నాకంటే పదేళ్లు పెద్దదైన ఒక వదిన ఉండేది. వరసకు కాదు, పిలుపుకు వదిన. వాళ్ల మగవాళ్లూ మా ఆయనా వీధిలో ఎదురుపడితే ఎవరూ ఎవరినీ చూసేవాళ్లు కాదు. పెరటి గోడ మీదుగా మాత్రం నిప్పు ఇటు వచ్చేది, పెరుగు తోడు అటు పోయేది. వాళ్ల విసుర్రాయిలో మా జొన్నలు, మా రోట్లో వాళ్ల మిరపకాయలు.

ఫ్యాక్షన్ వల్ల ఊరికి జరిగే నష్టాలు చదువుకున్నవాళ్లు చాలా చెబుతారు. నాకు కనపడిన నష్టం ఇంకొకటుంది. గోడలు ఎత్తుగా కట్టుకున్న ఇళ్లలో ప్రతి ఇంటికీ ఒక విసుర్రాయి, ప్రతి ఇంటికీ ఒక అగ్గిపెట్టె కావలసి వచ్చేది. పక్కింటితో మాట లేకపోతే పొదుపు లేదు. మా గోడ పొట్టిగా ఉండబట్టి మేము బతికిపోయాం.

నా పెండ్లయిన మూడో ఏడు వానలు రాలేదు. దానికి తోడు గొర్రెలకు నోరు పుండ్లు పడి, నాలుక నీలం తిరిగే రోగం వచ్చింది. ముప్పై గొర్రెలు పన్నెండయ్యాయి. చేను ఎండిపోయింది. ఎన్నికలు మాత్రం పచ్చగా వచ్చాయి.

ఒక మధ్యాహ్నం మా పెద్దాయన జీపు తోలే మనిషి ఇంటికొచ్చాడు. మంచం మీద ఒక పొట్లం పెట్టాడు. తెల్ల చొక్కా గుడ్డ, ఆకుపచ్చ అంచున్న తెల్లపంచె. ఆ అంచు పంచె ఎవరి నడుముకు ఉంటే వాళ్లు ఆ జీపు మనుషులని ఊరంతటికీ తెలుసు.

"నామినేషన్ దినం కట్టుకొని రాప్పా," అన్నాడు మా ఆయనతో. "నెలకొక మూట బియ్యం. ఊరికే పక్కన కూర్చుంటే చాలు."

"ఊరికే కూర్చునేదానికి మూట బియ్యం ఎవురిస్తారు నాయనా?" అన్నది అత్త గడప మీద నుంచి. "నేను ఇరవై ఏండ్లుగా కూర్చోనే ఉండా, నాకెవురూ గింజ ఇయ్యలేదే."

ఆయన నవ్వి పోయాడు. మా ఆయన పొట్లం తీసి పెట్టెలో పెట్టాడు. కాదనలేదు.

"గొర్రెలు పోయినాయిమా. ఏం తిందాం చెప్పు," అన్నాడు తలకాయ ఎత్తకుండా.

"ఒక మూటే గదా? ఆ మూట ఈ ఇంట్లోంచే నేను తీస్తా. నామినేషన్‌కు ఇంకా నెల ఉండాది."

ఆ నెల మా ఇంట్లో జరిగిన పొదుపు చూసి ఎలుకలు ఊరు విడిచిపోయాయి. మూలకుండలో పడే పిడికెడు రెండయింది. మా ఆయనకు తెలియకుండా మేమిద్దరం పొద్దున సంగటి మాని మజ్జిగ నీళ్లతో సరిపెట్టుకున్నాం. అత్త చింతగింజలు వేయించి నానబెట్టి పప్పులో కలిపింది. చేల గట్ల మీద దొరికిన ఆకల్లా కూరే అయింది. ఒకరోజు నా కంచంలో ఉన్నదేమిటో నాకు తెలియలేదు.

"ఇదేందత్తా?"

"తిను. గొర్రెలు తినింటే ఏం కాలేదు."

"గొర్రెలు పద్దెనిమిది పోయినాయి గదా అత్తా."

అత్త నవ్వింది. ఆ నెలలో అత్త నవ్వింది ఆ ఒక్కసారే కాబట్టి గుర్తుంది. పాత బట్టలన్నీ మూటగట్టి, ఊళ్లోకి వచ్చిన స్టీలు సామాన్ల వాడికి వేసి ఒక క్యాను తీసుకుంది. దాన్ని వదినకు ఇచ్చి జొన్నలు తెచ్చింది. ఇంట్లో కట్టుకున్న గుడ్డలు తప్ప గుడ్డపీలిక మిగల్లేదు.

మా ఆయన ఒకరోజు మూలకుండ దగ్గర నిలబడి, లోపలికి చూసి, "నీ పిడికెళ్లు ఎన్ని కలిస్తే మూట అవుతాదిమా?" అన్నాడు. వెక్కిరింత కాదు, బాధగానే అన్నాడు. అత్త ఆ పూట పిడికెడు తీసి కుండలో వేసింది. నామినేషన్‌కు వారం ఉంది.

ఆ వారంలోనే ఒక పొద్దున గోడ మీద వదిన తల కనపడింది.

"ఏమ్మే, పులివెందుల రోడ్డులో టమాటాలు పారబోసినారంట. రేటు లేదని లారీ లారీనే దిగబోసి పోయినారు. వస్తావా?"

ఇద్దరం పోయాం. ఊరు దాటేవరకు పది అడుగుల ఎడంతో, ఒకరికొకరు తెలియనట్టు. ఊరు దాటాక ఒకే గంపకు రెండు చేతులు వేసి. రోడ్డు పక్కన ఎర్రటి గుట్ట. మేకలు అప్పటికే తిని తిని పక్కకు తిరిగి నిలబడ్డాయి. రెండు గంపలు తెచ్చుకున్నాం. అత్త కందికంప కొట్టుకొచ్చేదానికి చేనికి పోయి ఉంది. నేను టమాటాలన్నీ చీల్చి ఉప్పూ పసుపూ పట్టించాను. మిద్దె మీద పరుద్దామంటే కింద వేసేదానికి గుడ్డ లేదు. పాత పంచెలన్నీ స్టీలు క్యానుగా మారిపోయాయి.

పెట్టె తెరిచాను. తెల్లపంచె మడత విప్పకుండా పడుకొని ఉంది. ఇంట్లో ఏ గుడ్డా ఊరికే కూర్చోకూడదని అత్త నేర్పింది. నాలుగు రోజులు వాడుకొని, ఉతికి, మడతపెట్టి మళ్లీ పెట్టేస్తే ఎవరికీ తెలియదనుకున్నాను. దాని మీద కొంచెం కోపం కూడా ఉండిందని ఒప్పుకుంటాను.

మిద్దె మీదకి నేను తప్ప ఎవరూ ఎక్కేవాళ్లు కాదు. నాలుగో రోజుకు టమాటాలు గలగలమన్నాయి. తీసి కుండకెత్తాను. పంచె మీద పచ్చపచ్చటి మచ్చలు. సబ్బు వేస్తే అరుగుతుందని పొయ్యిలో బూడిద నానబెట్టి, ఆ తేట నీళ్లలో ముంచి ఉతికాను. పసుపుకు సున్నం తగిలితే పారాణి అవుతుందని తెలుసు. బూడిద నీళ్లు కూడా ఆ పనే చేస్తాయని ఆ పొద్దు తెలిసింది. పచ్చమచ్చలు ఒక్కటొక్కటే ఎర్రబడ్డాయి. ఎంత పిండితే అంత ఎరుపు. ఎండకు వెలిసిపోతుందిలే అనుకొని మిద్దె పిట్టగోడ మీద ఆరేసి, కిందికి దిగి పొయ్యి పనిలో పడ్డాను.

మా ఊరివాళ్లకు ఆ పంచె ఎట్లా కనపడి ఉంటుందో నేను ఆలోచించలేదు. ఆకుపచ్చ అంచు. తెల్లపంచె. ఎర్రమచ్చలు. తడి. పొద్దున్నే ఎవరో తొందరగా ఉతికి ఆరేశారు. ఇంటి మగమనిషి ఊళ్లో లేడు.

నిజానికి మా ఆయన రెండు పొట్టేళ్లు తోలుకొని జమ్మలమడుగు సంతకు పోయాడు. మరునాడే నామినేషన్.

ముందు తలుపులు మూసుకునే చప్పుడు వినపడింది. వరసగా, వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా. పట్టపగలు ఇదేమిటని నేను బయటికి తొంగిచూసే లోపల వదిన గోడ దూకి లోపలికి వచ్చింది.

"ఎవురిని ఏం చేసినాడుమ్మే మీ ఆయన?"

"ఏం చేసినాడు?"

"పంచె ఉతికినావు గదా! మావోళ్లు కర్రలు తీసినారు. చేనికి పోయిన మా మరిది ఇంకా రాలేదు. చెప్పు, మా మరిదినేనా?"

నేను నోరు తెరిచే లోపల ముందు వాకిట్లో ఏడుపులు. మా వైపు ఆడవాళ్లు. సగం ఊరు మా ఆయన ఎవరినో చంపాడనుకుంది, సగం ఊరు మా ఆయనను ఎవరో చంపారనుకుంది. ఆ టయానికి మా ఆయన జమ్మలమడుగులో పొట్టేలు నోరు తెరిచి పండ్లు చూపించి బేరమాడుతున్నాడు.

"అది నెత్తురు కాదు, టమాటాలు," అన్నాను. నవ్వుతూనే అన్నాను. పుట్టినప్పటి నుంచి నన్ను ఎరిగినవాళ్లెవరూ నా మాట నమ్మరు, ఆ ఊరివాళ్లకు మూడేళ్లకే ఆ సంగతి తెలిసిపోయింది. "పాపం, పిల్లకు మతి చెదిరింది," అని ఒకామె నా తల నిమిరింది. వీధి చివర కర్రలతో పదిమంది నిలబడ్డారు. నా నవ్వు అప్పుడు పోయింది.

అదే సమయంలో అత్త నెత్తిన కందికంప మోపుతో వీధిలోకి వచ్చింది. జనాన్ని చూసింది. వాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. తల ఎత్తి పిట్టగోడ మీద పంచెను చూసింది. మోపు ఎప్పుడు జారిపడిందో ఆమెకు తెలియదు. అత్త ఏడవలేదు. ఇరవై ఏళ్ల కిందట కూడా ఇట్లాగే నిలబడి ఉంటుందని ఆ ముఖం చూస్తే తెలిసింది. ఏదో పాత పని మళ్లీ చేయాల్సి వచ్చినట్టు చూసింది.

పరిగెత్తి పోయి రెండు చేతులూ పట్టుకున్నాను. "అత్తా, నీ కొడుకు బాగుండాడు. సంతలో ఉండాడు. పసుపత్తా అది. టమాటాలకు పసుపు పట్టిచ్చి దాని మీద పరిచినా. బూడిద నీళ్లతో ఉతికినా. నీ మీద ఒట్టు."

నా జీవితంలో నవ్వులాట లేకుండా మాట్లాడిన నాలుగు ముక్కలు అవే అయి ఉంటాయి. అత్త నా కళ్లలోకి చూసింది. ఒక్క గడియ. తర్వాత ముఖంలోకి రంగు తిరిగొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది.

"పెట్టెలోది తీసినావా?"

"ఊరికే కూర్చోనుండె గదా అత్తా."

అత్త పంచె తెచ్చి వాకిట్లో బండ మీద పరిచింది. రోజూ ఇత్తడి చెంబులు తోమేదానికి దాచే చింతపండు పిప్పి తెమ్మన్నది. తెచ్చాను. నీళ్లు చల్లి ఒక ఎర్రమచ్చ మీద అరచేత్తో రుద్దింది. అందరూ చూస్తుండగానే మచ్చ పచ్చబడింది. ఇంకొకటి రుద్దింది. అదీ పచ్చబడింది.

"అప్పా, అందురూ రండి, సూడండి," అని వీధి చివరి కర్రలవాళ్లను కేకేసింది. "నెత్తురు యాడన్నా పచ్చబడతాదా? పసుపప్పా ఇది. నా కోడలు తెలివి!"

కర్రల్లో నుంచి ఒక ముసలాయన వచ్చాడు, వంగి వాసన చూశాడు. "టమాటానే," అన్నాడు. ముందు నవ్వింది వదిన. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, తనవాళ్ల ముందే, మా వాకిట్లో నిలబడి. తర్వాత కర్రలు దిగాయి. ఆ మరిది కూడా చేను నుంచి వచ్చాడు, ఊరంతా తనను ఎందుకు అంత ప్రేమగా చూస్తోందో అర్థంకాక తలగుడ్డ సర్దుకున్నాడు.

అంతటితో అయిపోలేదు. కబురు అప్పటికే పక్క ఊరికి పోయింది. మా ఆయన మేనత్త ఇద్దరు ఆడవాళ్లను వెంటేసుకొని గుండెలు బాదుకుంటూ వచ్చింది. "బంగారట్లాంటి కొడకా, మంద నడిచినట్ల నడిచేటోడివే, మాటకు మాట ఎదురు చెప్పనోడివే..." అని వాకిట్లో కూలబడి పాడుతోంది. ఆపుదామంటే ఊపిరి తీసుకోవడం లేదు. బతికుండగా ఆ మనిషిని అంత మెచ్చుకోవడం నేను వినలేదు కాబట్టి నేనూ కొంచెం విన్నాను.

"ఎవురు పోయినారత్తా?" అని వెనక నుంచి గొంతు. రెండు గంటల బస్సు దిగి, అమ్ముడుపోని ఒక పొట్టేలును తాడు పట్టి లాక్కుంటూ మా ఆయన.

మేనత్త వెనక్కి తిరిగి చూసి పాట మధ్యలో ఆగిపోయింది.

"నువ్వే," అన్నాను.

జరిగిందంతా విని ముందు నవ్వాడు. తర్వాత తల్లి వైపు చూశాడు. అత్త బండ మీద పంచె పక్కనే కూర్చొని ఉంది, అరచేతులు రెండూ పచ్చగా. నవ్వడం లేదు, ఏడవడం లేదు. కొడుకును కాళ్ల నుంచి తల దాకా ఒకసారి చూసుకొని, "తిన్యావా?" అని అడిగింది. అంతే. మా ఆయన పొట్టేలు తాడు వదిలేసి ఆమె పక్కన బండ మీద కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. తను లేని వాకిలి ఎట్లా ఉంటుందో ఆ పొద్దు కళ్లారా చూశాడు.

కాసేపటికి జీపొచ్చింది. తోలే మనిషి దిగి పంచె చూశాడు. ముఖం కందగడ్డయింది.

"పెద్దాయన పంపిన పంచె మీద టమాటాలు ఆరబోస్తారా? ఏందప్పా ఇది? మాకు మర్యాద లేదా?"

భయమేసింది. అది నవ్వుతో పోయే కోపం కాదు. మా ఆయన లేచి నిలబడ్డాడు.

"తప్పే అన్నా. కొత్త పంచె కొనిస్తా పెద్దాయనకు. కానీ నేను రానన్నా. మా మేనత్త నా ఏడుపు ఎత్తుకొనింది. పాట కూడా అయిపోయింది. ఏడ్చి పెట్టిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకొని రేపు నామినేషన్‌కు పోతారా?"

ఆ జీపు తోలే మనిషి చక్రానికి నిమ్మకాయ తొక్కించకుండా బండి కదిలించేవాడు కాదు. పిల్లి ఎదురైతే వెనక్కి తిప్పేవాడు. మేనత్త వైపు చూశాడు. ఆమె చేతులు ఇంకా గుండెల మీదే ఉన్నాయి. "నిజమే నాయనా, చచ్చినోడికి పాడే పాటంతా పాడినా," అన్నది పాపం, సిగ్గుపడుతూ. ఆయన తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశాడు.

"వద్దులే సామీ. నువ్వెక్కితే బండి బోల్తా పడతాది."

"పంచె?"

"ఆ అపశకునం నాకెందుకు? నువ్వే ఉంచుకో."

పదిహేను రోజులు భయంభయంగా గడిపాం. పెద్దాయన దగ్గర నుంచి ఏ కబురూ రాలేదు. ఆయనా శకునాల మనిషే. మూట బియ్యమూ రాలేదు. మూలకుండలో ఉన్నవి పదమూడు రోజులొచ్చాయి. తర్వాత వదిన గోడ మీదుగా జొన్నలు అందించింది, వాళ్ల మగవాళ్లు అటు తిరిగి నిలబడ్డారు. టమాటా ఒరుగులతో పప్పు, టమాటా ఒరుగులతో పులుసు, ఒరుగుల పొడి. వానలు పడేవరకు తిన్నాం. ఇప్పటికీ నాకు టమాటా అంటే మొహం మొత్తుతుంది, దండం పెట్టాలనీ అనిపిస్తుంది.

జీపులో ఆ సీటు ఖాళీగా ఉండలేదు. ఇంకో ఊరి పిల్లవాడు ఎక్కాడు. వాడి గురించి ఎక్కువ రాయలేను. వాడికీ ఒక తల్లి ఉండింది. ఆమె కూడా పిడికెళ్లు తీసే ఉంటుంది. మేము తెలివైనవాళ్లమై గెలిచామని నేను ఎప్పుడూ అనుకోలేదు. మాకు ఆ పూట అదృష్టం తగిలింది, ఆమెకు తగల్లేదు.

తర్వాత కొన్నేళ్లకు గొర్రెలమ్మి ప్రొద్దుటూరు వచ్చేశాం. మా ఆయన నూనె మిల్లులో పనికి కుదిరాడు. అత్త మాతోనే ఉండి, గ్యాసుపొయ్యి వచ్చిన రోజు లైటరును అటూ ఇటూ తిప్పిచూసి, "దీనికి పుల్లలు వద్దంట!" అని పిల్లలా సంబరపడి, ఇంకా ఆరేళ్లు బతికి పోయింది. ఇంట్లో మూలకుండ చూసి మా కోడలు, "ఏందత్తా ఇంత పీనాసివి," అంటుంది. అననీ. నేను అనలేదా?

చదువు లేదు కాబట్టి పెద్ద మాటలు నాకు రావు. ఒక మనిషి తన కొడుకు ప్రాణాన్ని పిడికెడు పిడికెడుగా కూడబెట్టింది. అది చాలదని ఆమెకూ తెలుసు, అయినా ఒక్కపూట మానలేదు. మిగతాది వదిన చేసింది, రేటు లేక పారబోసిన రైతు చేశాడు, ఊపిరి తీసుకోకుండా ఏడ్చిన మేనత్త చేసింది. అందరికీ నేను రుణపడి ఉన్నాను, తీర్చే ఉద్దేశం కూడా లేదు.

ఇది రాస్తుంటే మా ఆయన కంచం ముందు కూర్చొని, పప్పులో ఉప్పెక్కువైందని సణుగుతున్నాడు. డెబ్భై దగ్గర పడినా ఆ సణుగుడు తగ్గలేదు. సణగనీ. ఇంకొంచెం ఎక్కువే వేస్తాను రేపు.